మొలకల ఛాయాచిత్రాల్లో హద్దు గీత: యంత్రానికి అప్పగించే ముందు

విత్తన ప్రయోగశాలలో తేలే అంకెల్లో అధిక భాగం చివరకు ఒక గీత మీద ఆధారపడి ఉంటుంది. మొలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూపే గీత అది. స్కేలు పెట్టి కొలిచినా, గ్రాఫు కాగితంపై పరచి లెక్కించినా, ఛాయాచిత్రంలో కంప్యూటరుతో గుర్తించినా ఆ హద్దును ఎవరో ఒకరు నిర్ణయించవలసిందే. ఇటీవలి సంవత్సరాల్లో ఈ పనిని యంత్రానికి అప్పగించే ధోరణి వ్యవసాయ పరిశోధనలో, విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లో బలపడుతున్నది. ఇది స్వాగతించదగిన మార్పే. అయితే గీత గీసే శ్రమను యంత్రానికి అప్పగించడం వేరు, ఏది మొలక అన్న నిర్ణయాన్ని అప్పగించడం వేరు. ఈ భేదాన్ని పాటించని ప్రయోగశాలలో వేగం పెరుగుతుంది గాని ఫలితాల విశ్వసనీయత పెరగదు.

చేతి కొలత – దాని బలం, దాని పరిమితి

1973లో అబ్దుల్‌బాకీ, ఆండర్సన్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ఓజస్సు సూచికను, అంటే వాడుకలోని విగర్ ఇండెక్స్‌ను, నేటికీ విత్తన పరిశోధకులు విరివిగా వాడుతున్నారు. మొలక శాతాన్ని మొలక సగటు పొడవుతో గుణిస్తే ఈ సూచిక లభిస్తుంది. ప్రతి రెప్లికేషన్ నుంచి పది సాధారణ మొలకలను ఎంచుకొని, వేరు పొడవును, కాండభాగం పొడవును వేర్వేరుగా కొలవడం ఆనవాయితీ. నాలుగు రెప్లికేషన్లకు 80 కొలతలు అవసరం. ఇరవై ట్రీట్‌మెంట్లున్న ప్రయోగంలో ఆ సంఖ్య 1,600కు చేరుతుంది. తడి కాగితం చుట్టను విప్పి, చిక్కుపడిన వేర్లను తెగకుండా విడదీసి, మెలిక తిరిగిన వేరును సరిచేసి స్కేలుపై ఉంచవలసిన పని ఇది. ఉదయం కొలిచిన మొదటి మొలకకు, సాయంత్రం కొలిచిన చివరి మొలకకు ఒకే శ్రద్ధ దక్కిందని చెప్పడం కష్టం.

చేతి కొలతకు ఇంతకంటే పెద్ద పరిమితి మరొకటి ఉన్నది. కొలిచిన మొలకను పారవేసిన తరువాత మిగిలేది నోటు పుస్తకంలోని అంకె మాత్రమే. ఆ అంకెపై సందేహం వస్తే తిరిగి కొలిచే అవకాశం లేదు. ఛాయాచిత్రం ఈ లోటును తీరుస్తుంది. ఐదేళ్ల తరువాత మరొక పరిశోధకుడు అదే చిత్రాన్ని తెరిచి, మరొక పద్ధతితో కొలిచి, పాత ఫలితాన్ని సమర్థించవచ్చు లేదా సవరించవచ్చు. గాజు పలకపైన, పెట్రీ పాత్రలో పెరిగే మొలకలనైతే కదిలించకుండానే రోజువారీ ఎదుగుదలను నమోదు చేయవచ్చు. యాంత్రీకరణకు అనుకూలంగా చెప్పదగిన వాదనల్లో సమయం ఆదా కావడం కంటే కొలత పునఃపరిశీలనకు నిలబడటమే బలమైనది. స్కేలు ఉండగా కంప్యూటరు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఇదే.

పద్ధతుల పరిణామం

చిత్రంలో మొలకను నేపథ్యం నుంచి వేరు చేయడాన్ని సాంకేతిక పరిభాషలో సెగ్మెంటేషన్ అంటారు. 1979లో జపాన్ శాస్త్రవేత్త నొబుయుకి ఒట్సు చిత్రంలోని వెలుగుల వ్యాప్తిని బట్టి విభజన రేఖను దానంతట అదే ఎంచుకొనే పద్ధతిని ప్రతిపాదించాడు. 1995లో వొబెక్ ప్రభృతులు ఆకుపచ్చ విలువను రెట్టింపు చేసి, దాని నుంచి ఎరుపు, నీలం విలువలను తీసివేసే సూచికతో మొక్కను నేల నుంచి వేరు చేయవచ్చునని చూపారు. 2001లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానరుతో లెట్యూస్ మొలకలను చిత్రించి, ఓజస్సును యాంత్రికంగా లెక్కించే విధానాన్ని ప్రచురించారు. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన యూనెట్ అనే నాడీజాల నిర్మాణం మొదట జీవకణాల చిత్రాల కోసం రూపొందినా, త్వరలోనే వేర్లు, ఆకులు, మొలకల చిత్రాలకూ విస్తరించింది. 2023లో మెటా సంస్థ విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ మోడల్ 1.1 కోట్ల చిత్రాల్లో నూరు కోట్లకు పైగా హద్దు గీతలపై శిక్షణ పొందింది. చిత్రంలో ఒక చుక్క పెడితే చాలు, అక్కడి వస్తువు చుట్టూ గీత గీస్తుంది.

ఈ పరిణామాన్ని విత్తన ప్రయోగశాల దృష్టితో చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. ఆకుపచ్చ సూచిక పొలంలోని మొక్కకు పనికి వస్తుంది. చీకటిలో పాలిపోయి పెరిగిన మొలకకు గాని, తెల్లని కాగితంపై ఉన్న తెల్లని వేరుకు గాని పనికి రాదు. వెలుగును బట్టి విభజించే పద్ధతికి తెల్లని బూజు, తెల్లని మూలకేశాలు ఒకటే. చుక్క పెడితే గీత గీసే మోడల్ వస్తువు హద్దును చూపుతుంది గాని, ఆ వస్తువు మొలకా, ఊడిన గింజ పొట్టా, నీటి బొట్టా అన్నది చెప్పదు. సన్నని నిర్మాణాలు దానికి తప్పిపోవచ్చునని రూపకర్తలే అంగీకరించారు. మొలక వేరు సన్నని నిర్మాణమే.

గీత తప్పితే నష్టం ఎవరికి?

భారతదేశంలో ధ్రువీకరణ పొందవలసిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80, వేరుశనగకు 70. పరీక్షకు 400 గింజలు తీసుకోవడం ప్రమాణం. అంటే నాలుగు మొలకలు ఒక శాతానికి సమానం. నిజానికి 328 సాధారణ మొలకలు వచ్చిన వరి లాటు 82 శాతంతో ఉత్తీర్ణం కావాలి. అందులో 12 చోట్ల ఒకదానితో ఒకటి పెనవేసుకొన్న జంట మొలకలను సాఫ్ట్‌వేరు ఒకే మొలకగా గీసిందనుకుంటే లెక్క 316కు, అంటే 79 శాతానికి పడిపోతుంది. మంచి లాటు తిరస్కరణకు గురవుతుంది. 312 మొలకలతో 78 శాతం వద్ద ఆగవలసిన మరొక లాటులో బూజు పట్టిన ఎనిమిది చచ్చు గింజలను మొలకలుగా గీస్తే అది సరిగ్గా 80 శాతానికి చేరుతుంది. మొదటి పొరపాటు విత్తనోత్పత్తి చేసిన రైతు కష్టాన్ని వృథా చేస్తుంది. రెండవది ఆ విత్తనం కొని నారుమడి పోసిన రైతును ముంచుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ తెరపై కనిపించే గీతలు చక్కగా, నమ్మదగినవిగానే ఉంటాయి.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంశం మరొకటి ఉన్నది. విత్తన పరీక్ష మొలకలను సాధారణమైనవి, అసాధారణమైనవి అని విభజిస్తుంది. మొలవని వాటిని గట్టి గింజలు, తాజాగా ఉండి మొలవనివి, చచ్చు గింజలు అని వేరు చేస్తుంది. ప్రధాన వేరు మొండిగా మిగిలిన మొలక, బీజదళాలు కుళ్లిన మొలక, ప్రాంకుర కంచుకం చీలిపోయిన మొలక పొడవులో ఆరోగ్యమైన మొలకకు తీసిపోకపోవచ్చు. హద్దు గీత వాటి ఆకారాన్ని పట్టుకుంటుంది గాని, పొలంలో అవి నిలదొక్కుకోగలవా అన్న తీర్పు చెప్పదు. ఆ తీర్పు శిక్షణ పొందిన విశ్లేషకుడిది. అందుచేత ధ్రువీకరణకు సంబంధించిన లెక్కింపులో యంత్రం సహాయకుడి స్థానంలో మాత్రమే ఉండాలి. హద్దు రేఖకు రెండు మూడు శాతం అటూ ఇటూ ఉన్న ప్రతి లాటును మనిషి కన్ను తిరిగి చూడాలి. 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం మహాసభలకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. విత్తనోత్పత్తిలో అంతటి గుర్తింపు పొందిన ప్రాంతంలో ఈ జాగ్రత్త విషయంలో సడలింపు తగదు.

పొరపాటు ట్రీట్‌మెంటుతో కలిసి నడిచినప్పుడు

యంత్రానికి అలసట లేదు, పక్షపాతం లేదు అన్న వాదన తరచుగా వినిపిస్తున్నది. అలసట లేదన్నది నిజం. పక్షపాతం లేదన్నది నిజం కాదు. మనిషి చేసే పొరపాట్లలో చాలా భాగం ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ఉండి సగటులో సర్దుకుంటాయి. యంత్రం అదే పరిస్థితిలో అదే పొరపాటును ప్రతిసారీ చేస్తుంది. ఆ పరిస్థితి ప్రయోగంలోని ట్రీట్‌మెంటుతో ముడిపడి ఉంటే ఫలితమే తారుమారవుతుంది.

విత్తనశుద్ధి ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. శుద్ధి చేయని గింజలకు బూజు ఎక్కువగా పడుతుంది. సాఫ్ట్‌వేరు బూజును మొలకలో భాగంగా గీస్తే శుద్ధి చేయని మొలకల విస్తీర్ణం పెరిగినట్లు కనిపిస్తుంది. శుద్ధి వల్ల కలిగిన మేలు అంకెల్లో మాయమవుతుంది. చౌడు ప్రభావంపై చేసే ప్రయోగంలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఉప్పు తాకిడికి వేరు గోధుమ రంగుకు మారితే, తెల్లని వేర్లపై శిక్షణ పొందిన మోడల్ దానిని పాక్షికంగానే గుర్తిస్తుంది. ఉప్పు వల్ల నిజంగా తగ్గిన పొడవుకు, యంత్రం చూడలేకపోయిన పొడవు తోడై నష్టం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. రెప్లికేషన్లు పెంచినంత మాత్రాన ఈ దోషం తొలగదు. గణాంక పరీక్ష దానిని పట్టుకోదు, పైగా విశేషమైన తేడా అని ముద్ర వేస్తుంది. ప్రతి ట్రీట్‌మెంటు నుంచి కొన్ని మొలకలను విడిగా చేతితో కొలిచి, యంత్రం కొలతతో పోల్చడమే దీనికి తగిన పరిష్కారం. అన్ని ట్రీట్‌మెంట్లనూ కలిపి లెక్కించిన ఒకే సగటు దోషం సరిపోదు. ట్రీట్‌మెంటు వారీగా చూపాలి.

పొందికను తెలిపే కొలమానం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చేతి కొలతకు, యంత్రం కొలతకు మధ్య సహసంబంధ గుణకం 0.99 వచ్చిందని ప్రకటించి ముగించడం పరిపాటి. యంత్రం ప్రతి మొలకనూ పది శాతం తక్కువగా కొలిచినా సహసంబంధం చెక్కుచెదరదు. 1986లోనే బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంకవేత్తలు వైద్య కొలతల సందర్భంలో ఈ లోపాన్ని వివరించి, రెండు పద్ధతుల మధ్య తేడాలను నేరుగా పరిశీలించే మార్గాన్ని చూపారు. ఆ మార్గం మొలకలకూ అంతే చక్కగా వర్తిస్తుంది.

ప్రశ్నను బట్టి కొలమానం

మోడల్ ఎంత బాగా పనిచేసిందో చెప్పడానికి వాడే అంకెలు కూడా మోసపుచ్చగలవు. చిత్రంలో మొలకలు ఆక్రమించిన భాగం ఐదు శాతమే అనుకుంటే, ఏ మొలకనూ గుర్తించకుండా అంతా నేపథ్యమే అని చెప్పిన మోడల్‌కు కూడా 95 శాతం ఖచ్చితత్వం దక్కుతుంది. అందుకే యంత్రం గీసిన ప్రాంతం, మనిషి గీసిన ప్రాంతం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని, రెండూ కలిసి ఆక్రమించిన మొత్తం భాగంతో భాగించే అతివ్యాప్తి నిష్పత్తిని వాడుతున్నారు. ఇది మెరుగైనదే, కాని అన్ని ప్రశ్నలకూ సరిపోదు.

200 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఆకు హద్దును యంత్రం నాలుగు వైపులా ఒక్కొక్క పిక్సెల్ లోపలికి గీసినా అతివ్యాప్తి 98 శాతం ఉంటుంది. నాలుగు పిక్సెళ్ల వెడల్పున్న వేరు విషయంలో రెండు వైపులా అదే పొరపాటు జరిగితే అతివ్యాప్తి 50 శాతానికి పడిపోతుంది. అయినా వేరు పొడవు దాదాపు మారదు. దీనికి భిన్నమైన సందర్భం కూడా ఉన్నది. 600 పిక్సెళ్ల పొడవున్న వేరు మధ్యలో ఆరు పిక్సెళ్ల ఖాళీ వస్తే అతివ్యాప్తి 99 శాతం. కాని సాఫ్ట్‌వేరు తెగిన రెండు ముక్కల్లో పెద్దదాన్నే వేరుగా లెక్కిస్తే పొడవు సగమవుతుంది. మొదటి మోడల్ అధమమైనదిగా, రెండవది శ్రేష్ఠమైనదిగా పట్టికలో కనిపిస్తుంది. వేరు పొడవు కావలసిన పరిశోధకునికి వాస్తవం దీనికి తలకిందులు. కనుక పొడవు కావాలంటే పొడవులోని దోషాన్ని, లెక్క కావాలంటే లెక్కలోని దోషాన్ని, విస్తీర్ణం కావాలంటే అతివ్యాప్తిని నివేదించడం సరైన పద్ధతి.

మోడల్‌ను పరీక్షించే చిత్రాల ఎంపికలో జరిగే పొరపాటు మరొకటి. ఒకే మొలకను మూడవ రోజు తీసిన చిత్రం శిక్షణలో, నాలుగవ రోజు తీసిన చిత్రం పరీక్షలో ఉంటే మోడల్ చూసిన మొలకనే మళ్లీ చూస్తున్నది. ఒకే లాటు, ఒకే కాగితం, ఒకే దీపం కింద తీసిన చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. విభజన చిత్రాల వారీగా కాక లాట్ల వారీగా, వీలైతే రకాల వారీగా జరగాలి. మరొక ప్రయోగశాలలో తీసిన చిత్రాలపై నిలబడగలిగిన మోడల్‌నే ఇతరులకు సిఫారసు చేయడం న్యాయం.

స్థానిక పంటలు, స్థానిక చిత్రాలు

బహిరంగంగా లభించే మొలకల చిత్ర సంకలనాల్లో డెన్మార్క్‌లోని ఆర్హస్, సదరన్ డెన్మార్క్ విశ్వవిద్యాలయాలు 2017లో అందించిన సంకలనం ప్రసిద్ధమైనది. సుమారు 960 మొక్కలు, 12 జాతులు అందులో ఉన్నాయి. వాటిలో పంటలు మొక్కజొన్న, గోధుమ, షుగర్ బీట్ మాత్రమే. మిగిలిన తొమ్మిదీ ఐరోపా పొలాల కలుపు మొక్కలు. ఆకుల విభజన పోటీలకు ఆధారమైన చిత్రాలు ప్రధానంగా అరాబిడాప్సిస్, పొగాకు మొక్కలవి. వరి, వేరుశనగ, కంది, రాగి, నువ్వు మొలకలు, నారుమడిలోని ఊదర, తుంగ వంటి కలుపు మొలకలు వీటిలో లేవు. బీజదళాలకు పొట్టు అంటుకొని పైకి లేచే వేరుశనగ మొలకను గాని, నూలుపోగులా సన్నగా ఉండే రాగి వేరును గాని ఈ చిత్రాలతో శిక్షణ పొందిన మోడల్ గుర్తించాలని ఆశించడం సమంజసం కాదు.

ఈ లోటును తీర్చడానికి భారీ యంత్రాంగం అవసరం లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో లేజరుతో మొక్కల పందిరిని కొలిచే లీజీస్కాన్ వేదిక, ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థలో 2017లో ప్రారంభమైన నానాజీ దేశ్‌ముఖ్ ఫినోమిక్స్ కేంద్రం పెద్ద ప్రశ్నలకు ఉద్దేశించినవి. మొలకల కొలతకు ఫ్లాట్‌బెడ్ స్కానరు చాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్లు లభిస్తాయి. అర మిల్లీమీటరు వేరుకు ఆరు పిక్సెళ్లు దక్కుతాయి. ఇమేజ్‌జే, ప్లాంట్‌సీవీ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. 2015లో యూనెట్ తన సత్తాను చాటిన పోటీల్లో ఒకదానికి శిక్షణ చిత్రాలు కేవలం 30. కొద్ది చిత్రాలతోనైనా జాగ్రత్తగా గీసిన హద్దులుంటే మంచి ఫలితం సాధ్యమేనని ఇది తెలుపుతున్నది.

చిత్రం తీయడంలో చూపే క్రమశిక్షణ మోడల్ ఎంపిక కంటే ముఖ్యమైనది. తెల్ల కాగితానికి బదులు ముదురు నీలం లేదా నల్లని నేపథ్యం, మొలకల పక్కన స్కేలు, మారని ఎత్తు, మారని వెలుతురు, ఫైలు పేరులో పంట, రకం, లాటు, రెప్లికేషన్, తేదీ ఉండాలి. మొలకలు ఒకదానిపై మరొకటి పడకుండా పరచడానికి వెచ్చించే రెండు నిమిషాలు తరువాత రెండు గంటల దిద్దుబాటును తప్పిస్తాయి.

విద్యార్థి చేతి పని

యాంత్రీకరణ వచ్చిన తరువాత విద్యార్థి చేతితో గీత గీయవలసిన అవసరం లేదని భావించడం తొందరపాటు. మోడల్‌కు నేర్పేది చేతితో గీసిన గీతలే. ఆ గీతలకు ముందే లిఖిత నియమాలు ఉండాలి. గింజ పొట్టు మొలకలో భాగమా? మూలకేశాలను కలపాలా? రెండు వేర్లు ఒకదానిని ఒకటి దాటిన చోట ఆ పిక్సెల్ ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానం రాసుకోకుండా ఇద్దరు విద్యార్థులు గీస్తే రెండు రకాల మొలకలు తయారవుతాయి. ఒకే చిత్రాల సమితిని ఇద్దరితో విడివిడిగా గీయించి, వారి మధ్య పొందికను ముందుగా ప్రకటించాలి. ఇద్దరు మనుషులకు 90 శాతం పొందిక మాత్రమే ఉన్న చోట యంత్రం 97 శాతం సాధించిందంటే, అది ఆ ఇద్దరిలో ఒకరి అలవాటును బాగా నేర్చుకున్నదని మాత్రమే అర్థం.

వందల మొలకల చుట్టూ స్వయంగా గీత గీసిన విద్యార్థికి అసాధారణ మొలక ఎలా ఉంటుందో, బూజు పోగుకు, మూలకేశానికి తేడా ఏమిటో తెలిసివస్తుంది. ఆ అనుభవం లేనివాడు తెరపై వచ్చిన గీతను ప్రశ్నించలేడు. రేపు అతడే విస్తరణ శాస్త్రవేత్తగా రైతు ముందు నిలబడి మొలక శాతాన్ని వివరించవలసినవాడు. గీసిన వారి పేర్లు సంకలనంలో, పరిశోధనా పత్రంలో నమోదు కావడం కూడా న్యాయమైన కోరికే. డేటా తయారీ పరిశోధనలో భాగం, గుమాస్తా పని కాదు.

ఈ చర్చ నుంచి ఆచరణకు కొన్ని సూచనలు తేలుతున్నాయి. చిత్రాల ఆధారంగా మొలకలను కొలిచిన ప్రతి సిద్ధాంత గ్రంథంలో మూల చిత్రాలు, హద్దు గీతలు, గీసే నియమాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జమ కావాలి. ట్రీట్‌మెంటు వారీగా చేతి కొలతతో పోల్చిన పట్టిక తప్పనిసరి కావాలి. తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు వరి, వేరుశనగ, కంది, నువ్వు, చిరుధాన్యాల మొలకల ఉమ్మడి చిత్ర సంకలనాన్ని చేపట్టాలి. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క పంట బాధ్యత తీసుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. పరీక్షకులు, పత్రికల సమీక్షకులు మోడల్ పేరు కంటే ముందు ఈ పట్టికను అడగడం మొదలుపెడితే చాలు, మిగిలిన క్రమశిక్షణ దానంతట అదే వస్తుంది.